బెజవాడ ఇంట్లో రూమ్ హీటర్ కొనాలా? అత్తయ్యగారి గది గురించి ఒక కోడలి ప్రశ్న

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను. మామగారు పోయాక తెనాలి దగ్గర పల్లె నుంచి అత్తయ్యగారిని తమ ఇంటికి తెచ్చుకున్నారు. ఆవిడకి 71 ఏళ్లు, షుగరూ బీపీ చాలాకాలంగా ఉన్నాయి, మామగారు పోయినప్పటి నుంచి తిండి తగ్గి మనిషి బాగా చిక్కిపోయారు. పాత డాబా ఇల్లు, కింది వాటా. ఆవిడకి ఇచ్చింది ఉత్తరం వైపు గది, 10కి 12 అడుగులు ఉంటుంది, ఎత్తు మిద్దె, పైన రెండు వెంటిలేటర్లు. అదే గదిలో పదేళ్ల మనవడు కూడా పడుకుంటాడు, వాడికి ఫ్యాన్ లేనిదే నిద్ర పట్టదు, పైగా దోమలు.

కార్తీకం నుంచి ఆవిడ చలి చలి అంటున్నారట. ధనుర్మాసం వచ్చాక తెల్లవారుజామున నాలుగింటికే లేచి తలస్నానం చేసి, తడి జుట్టుతో వణుకుతూ పూజ దగ్గర కూర్చుంటున్నారు. రూమ్ హీటర్ కొందామని ఈవిడ అంటే భర్త నవ్వారు. "మే నెలలో ఇదే గదిలో ఉడికిపోతాం, బెజవాడలో హీటర్ కొన్నామంటే జనం ఏమనుకుంటారు" అన్నారట, అదీ తల్లి ఎదురుగానే. ఆ రోజు నుంచి ఆవిడ చలి మాట ఎత్తలేదు. అటకమీద ఉన్న పాత కుంపటి దింపించుకుని, రాత్రి పడుకునే ముందు బొగ్గులు రాజేసి మంచం దగ్గర పెట్టుకుంటున్నారు. ఢిల్లీలో ఉన్న పెద్ద ఆడపడుచు 13 ఫిన్‌ల (వేడిని వదిలే రేకుల) ఆయిల్ హీటర్ ఆన్‌లైన్‌లో పంపిస్తానంటోంది. బీసెంట్ రోడ్డులో ఒక షాపులో అడిగితే బ్లోయర్ తీసుకోమన్నారు. పక్కింటావిడ రాడ్ హీటర్ చాలదా అంటోంది. ఇంకెవరో హీటర్లు గదిలో ఆక్సిజన్ తాగేస్తాయని భయపెట్టారు. చలికాలంలో కూడా నెలకి 220 యూనిట్ల దాకా కాలుతుంది, బిల్లు ఏమవుతుందోనని టెన్షన్. "కొంటే మావారి మాట కాదన్నట్టు, కొనకపోతే కన్నతల్లిని చూసుకోవడం లేదని ఆడపడుచు చేత మాట పడాలి. ఏ హీటర్ కొనాలో మీరు చెప్పండి" అని ముగించారు.

అమ్మా, హీటర్ సంగతికి వస్తాను. దానికంటే ముందు, మీ ఉత్తరం మూడో పేజీలో మీరు ఒకే ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి ఒకటుంది, పైన నేను కూడా కావాలనే రాయలేదు. ఒకరోజు పొద్దున అత్తయ్యగారికి విపరీతమైన తలనొప్పి వచ్చి రెండు వాంతులయ్యాయనీ, మనవడు కూడా తల బరువుగా ఉందని బడి మానేశాడనీ, గ్యాస్ అనుకుని మాత్ర ఇస్తే మధ్యాహ్నానికి ఇద్దరికీ తగ్గిందనీ రాశారు. ఒకే గదిలో పడుకున్న ఇద్దరికి ఒకే పొద్దున తల పట్టేసి, గది బయటికి వచ్చాక కొన్ని గంటల్లో తగ్గిందంటే నేను మొదట అనుమానించేది కుంపటినే.

బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. పొగ పోయి నిప్పులు ఎర్రగా పడ్డాక ఇక భయం లేదని మన పెద్దవాళ్లు అనుకుంటారు, నిజానికి పొగ లేని ఆ ఎర్రటి నిప్పుల నుంచే అది బాగా వస్తుంది. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హీమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది, అందుకని ఊపిరి పీలుస్తూనే ఉన్నా ఒంటికి ఆక్సిజన్ అందదు. మెలకువగా ఉన్నవాళ్లకి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం లాంటివి తెలుస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకి ఏమీ తెలియకుండానే స్పృహ తప్పుతుంది, ప్రాణం కూడా పోతుంది. పిల్లలు పెద్దవాళ్లకంటే వేగంగా ఊపిరి తీస్తారు కాబట్టి వాళ్ల మీద ఇంకా త్వరగా పనిచేస్తుంది.

ఊళ్లో ఏళ్ల తరబడి పెట్టుకున్నాం, ఏమీ కాలేదు అని అత్తయ్యగారు అంటారు. ఆవిడ చెప్పేది నిజమే అయి ఉంటుంది. ఆ ఇళ్లకి పెంకుల సందులున్నాయి, కుంపటి వసారాలోనో నడవలోనో ఉండేది. ఇప్పుడు ఆవిడ తలుపూ కిటికీ బిగించుకుని, బహుశా వెంటిలేటర్లలో గుడ్డలు కూడా కుక్కుకుని పడుకుంటున్నారు. ఆ రెండు వెంటిలేటర్లు తెరిచి ఉంచితే సరిపోతుందా అని అడగకండి, సరిపోదు. కుంపటి ఈ రాత్రి నుంచే ఆ గదిలో ఉండకూడదు, మీరు హీటర్ కొన్నా, కొనకపోయినా. ఈ ఉత్తరంలో మిగతా వాటికి రెండు మూడు దారులు చెబుతాను గానీ దీనికి మాత్రం రెండో దారి లేదు.

ఇంకొకటి. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ చాలామంది ఇళ్లలో ఉంది. మీరూ వేలికి పెట్టి చూసి 98 ఉందని ధైర్యపడితే మోసపోతారు, ఎందుకంటే మామూలు ఆక్సీమీటర్‌కి ఆక్సిజన్ అంటుకున్న హీమోగ్లోబిన్‌కీ ఈ వాయువు అంటుకున్న హీమోగ్లోబిన్‌కీ తేడా తెలియదు, రెండింటినీ కలిపి మంచి నంబరే చూపిస్తుంది. మళ్లీ ఎప్పుడైనా ఇలాంటి పొద్దు వస్తే ఇద్దర్నీ వెంటనే ఆరుబయటికి తీసుకొచ్చి, ఆస్పత్రికి తీసుకెళ్లి, గదిలో బొగ్గుల కుంపటి ఉందని నోరు తెరిచి చెప్పండి. ఆ మాట చెప్పకపోతే డాక్టర్ కూడా గ్యాస్ అనో, తిన్నది పడలేదనో అనుకోవచ్చు.

సరే, ఇప్పుడు చలి సంగతి. బెజవాడలో డిసెంబర్, జనవరి రాత్రులు 17, 18 డిగ్రీల దగ్గర ఉంటాయి, ఒక్కోసారి ఇంకా దిగుతుంది. మీ ఆయనకి అది హాయిగా ఉంటుంది, ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. అదే గాలి 71 ఏళ్ల మనిషికి వేరుగా తగులుతుంది. వయసు పైబడితే ఒంట్లో వేడి పుట్టించే కండ తగ్గుతుంది, చర్మం కింద కొవ్వు పల్చబడుతుంది, చలి వేసినప్పుడు రక్తనాళాలు ముడుచుకుని వేడిని లోపల ఆపడం కూడా నెమ్మదిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చలికాలం ఇంటి లోపల 18 డిగ్రీలు ఉండాలనీ, ముసలివాళ్లకీ పిల్లలకీ జబ్బుపడ్డవాళ్లకీ అంతకంటే ఎక్కువ కావలసి రావచ్చనీ చెప్పింది. కాబట్టి మీ అత్తయ్యగారిది అతి కాదు. ఇది మీ ఆయనకి చూపించండి, వాదనలా కాకుండా, ఊరికే చదవమని ఇవ్వండి.

అయితే చలి ఎక్కువగా వేయడానికి గది ఒక్కటే కారణం కానక్కర్లేదు. మనిషి చిక్కిపోయారన్నారు, తిండి తగ్గిందన్నారు. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే అందరికంటే ఎక్కువ చలి వేస్తుంది, రక్తం తక్కువైనా అంతే. బీపీకి ఇచ్చే మందుల్లో అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి కొందరికి చేతులూ కాళ్లూ చల్లబడేలా చేస్తాయి. ఆవిడ ఏ మాత్ర వేసుకుంటున్నారో మీరు రాయలేదు. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపొద్దు, స్ట్రిప్పు తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లి చలి గురించి చెప్పండి, థైరాయిడ్, హీమోగ్లోబిన్ పరీక్షలు రాయమని అడగండి. జ్వరంతో పాటు వణుకు వస్తే అది వేరే సంగతి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లాంటిది ఉండొచ్చు, దాన్ని చలి కింద జమకట్టొద్దు. పరీక్షల్లో ఏదైనా బయటపడిందంటే, ఎంత ఖరీదైన హీటర్ కొన్నా తీరని చలి మందుతో తీరే అవకాశం ఉంది.

ఇక ఫ్యాన్. మన బెజవాడ, గుంటూరు ఇళ్లలో సంక్రాంతి చలిలో కూడా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, చలి తెలియకపోవడం వల్ల కాదు, దోమల వల్ల. మీ అబ్బాయికి ఫ్యాన్ కావాలి, నాయనమ్మకి ఫ్యాన్ గాలే చలి. ఒకే గదిలో ఫ్యాన్ 3లో పెట్టి, కింద హీటర్ వేస్తే, మీరు కరెంటుకి రెండు చోట్ల డబ్బు కట్టి ఏమీ సాధించరు. గాలి ఒంటి మీద తగులుతుంటే 18 డిగ్రీలు ఇంకా రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉన్నట్టే అనిపిస్తుంది. అందుకని మొదట చేయగలిగింది దోమతెర కట్టి ఫ్యాన్ ఆపడం. అబ్బాయి ఒప్పుకోకపోతే జనవరి అయ్యేదాకా వాణ్ణి మీ గదిలోనో హాల్లోనో పడుకోబెట్టండి. నాయనమ్మకి వాడు పక్కన లేకపోతే దిగులు అనుకుంటే, వాడి మంచం ఒక పక్కకి జరిపి చిన్న టేబుల్ ఫ్యాన్ వాడి వైపే తిప్పిపెట్టొచ్చు. నా అంచనా, ఈ ఒక్క మార్పుతోనే సగం ఫిర్యాదు తగ్గుతుంది.

పడక కూడా చూడండి. అందరూ పైన రగ్గుల మీద రగ్గులు కప్పుతారు గానీ కింద నుంచి పోయే వేడిని పట్టించుకోరు. పరుపు మీద, దుప్పటి కింద ఒక పాత బొంత పరవండి, తేడా ఆ రాత్రే తెలుస్తుంది. కాళ్లకి వదులుగా ఉండే సాక్సులు, తలకి మఫ్లర్, మంచం దిగే చోట జంపఖానా. పాత ఇంటి గచ్చు మీద ఉత్తి కాళ్లతో నాలుగింటికి నడిస్తే చలి అక్కడి నుంచే ఎక్కుతుంది. వేడినీళ్ల బ్యాగు మాత్రం ఆవిడ పాదాల దగ్గర పెట్టొద్దు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గిపోయి ఉండొచ్చు, కాలుతున్నా తెలియదు, పొద్దున చూస్తే బొబ్బ ఉంటుంది, షుగర్ వల్ల అది త్వరగా మానదు. కావాలంటే పడుకునే ముందు పక్క వెచ్చబడేదాకా ఉంచి, ఆవిడ పడుకోబోయే ముందు తీసేయండి. కరెంటు దుప్పట్లకీ ఇదే మాట. అవి 100 వాట్ల అటూ ఇటూగా తింటాయి, బిల్లు లెక్కలోకే రాదు, పక్క వెచ్చబెట్టడానికి మంచివే, కానీ రాత్రంతా వేసి ఉంచే వస్తువు ఆవిడకి తగదు.

ఇవన్నీ చేశాక కూడా గది వెచ్చగా ఉండాలి అనుకుంటే, అలా అనుకోవడంలో తప్పేమీ లేదు, హీటర్ల గురించి చెబుతాను.

ముందు ఆక్సిజన్ భయం తీసేయండి. కరెంటు హీటర్ ఏదీ దేన్నీ కాల్చదు, కాబట్టి ఆక్సిజన్ ఖర్చవదు. రాడ్ అయినా, బ్లోయర్ అయినా, ఆయిల్ అయినా ఇదే. మొదటి రోజు వచ్చే వాసన కాయిల్ మీద పడ్డ దుమ్ముది. గాలి ఎండిపోతుందన్న మాటలో కొంత నిజం ఉంది, అది ఢిల్లీలో ఎక్కువ నిజం. మన దగ్గర చలికాలం గాలిలో కూడా తేమ బాగానే ఉంటుంది. 18 డిగ్రీల దగ్గర 75 శాతం తేమ ఉన్న గాలిని 23కి తెస్తే తేమ 55 శాతం దగ్గరికి వస్తుంది, అది మనిషికి హాయైన స్థాయే. కాబట్టి హీటర్ పక్కన గిన్నెలో నీళ్లు పెట్టాలన్న సలహా మీకు అక్కర్లేదు, కరెంటు వస్తువు పక్కన నీళ్లు లేకపోవడమే మేలు.

రెండోది, ఏ హీటర్ తక్కువ కరెంటు తింటుంది అన్న ప్రశ్న. 1000 వాట్ల రాడ్ అయినా, 1000 వాట్ల ఆయిల్ హీటర్ అయినా గంటకి ఒక యూనిట్టే తింటుంది, ఒకే అంత వేడి ఇస్తుంది. "మా ఆయిల్ హీటర్ కరెంటు ఆదా చేస్తుంది" అని అమ్మేవాళ్లు చెప్పేది, థర్మోస్టాట్ ఉన్నందువల్ల గది వెచ్చబడగానే అది ఆగిపోతుందనే. అంతకుమించి మాయ ఏమీ లేదు. తేడా అంతా ఆ వేడి ఎలా వస్తుంది, ఎంత భద్రంగా వస్తుంది అన్న దాంట్లోనే ఉంది.

రాడ్ హీటర్, అంటే ఎర్రగా వెలిగే క్వార్ట్జ్, హాలోజెన్ రకం, చవక. 400, 800 వాట్ల స్విచ్చులుంటాయి. వేసిన నిమిషంలో ముందు కూర్చున్నవాళ్లకి వెచ్చగా తగులుతుంది, కానీ గది వెచ్చబడదు, వీపు చల్లగానే ఉంటుంది. స్నానం చేసి వచ్చి కుర్చీలో కూర్చుని ఒక పావుగంట ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి సరిపోతుంది. అయితే మీ ఇంట్లో చీర కట్టుకున్న పెద్దావిడ, దోమతెర, దుప్పట్లు, చీకట్లో లేచి తిరగడం, ఇవన్నీ కలిపి చూస్తే ఎర్రటి రాడ్డు ఆ గదిలో ఉండటం నాకు ఇష్టం లేదు. పైగా షుగర్ కాళ్లు, దగ్గరగా జరుపుకుని కూర్చుంటే కాలిన సంగతి తెలియదు. కొంటే మీరు పక్కన ఉన్నప్పుడే వేయాలి, మూడడుగుల దూరం పెట్టాలి, ఆవిడ లేవగానే తీసేయాలి. అంత కనిపెట్టుకుని ఉండటం నాలుగింటికి మీకు కుదురుతుందా అన్నది మీరే చెప్పగలరు.

బ్లోయర్ కూడా చవకే, చిన్న గదిని తొందరగా వెచ్చబెడుతుంది. కానీ మోత, దుమ్ము లేపుతుంది, మొహం మీద వేడి గాలి కొడుతుంటే కళ్లూ గొంతూ ఎండుతాయి. దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లకి అసలు సరిపడదు. అత్తయ్యగారికి ఆ బాధ లేకపోతే, పొద్దున ఒక అరగంట వాడుకోవడానికి పనికొస్తుంది. రాత్రంతా వాడే వస్తువు కాదు.

పడకగదికి, ఒంటరిగా పడుకునే పెద్దవాళ్లకి, ఈ మూడింటిలో ఆయిల్ హీటరే మేలు. లోపల నూనె శాశ్వతంగా సీలు చేసి ఉంటుంది, అది కాలదు, ఖర్చవదు, మళ్లీ పోయక్కర్లేదు, కాయిల్ వేడిని పట్టుకుని ఫిన్‌ల ద్వారా మెల్లగా వదులుతుంది. మోత లేదు, వెలుగు లేదు. వెచ్చబడటానికి అరగంట పడుతుంది, ఆపాక కూడా కొంతసేపు వేడి నిలుస్తుంది. ఫిన్‌లు కూడా ముట్టుకుంటే కాలేంత వేడెక్కుతాయి కాబట్టి దాని మీద తడి తువ్వాలు ఆరేయకూడదు, దోమతెర అంచు తగలకూడదు. తెర కట్టిన మంచానికి మూడడుగుల దూరంలో, ఆవిడ బాత్రూముకి నడిచే దారికి అడ్డం రాకుండా పెట్టాలి. పడిపోతే దానంతటదే ఆగే స్విచ్, మరీ వేడెక్కితే ఆగే ఏర్పాటు, ఐఎస్ఐ గుర్తు, ఈ మూడూ లేనిది ఎంత తక్కువకి వచ్చినా వద్దు.

మీ ఆడపడుచు 13 ఫిన్‌లది పంపుతానన్నది ప్రేమతోనే. కానీ అది ఢిల్లీ చలికి సరిపడే కొలత, అక్కడ జనవరిలో రాత్రులు 5, 6 డిగ్రీలకి దిగుతాయి, గదిని పదిహేను డిగ్రీలు పైకి తేవాలి. మీరు తేవాల్సింది నాలుగైదు డిగ్రీలు. 120 చదరపు అడుగుల గదికి, ఎత్తు మిద్దె అయినా సరే, 1000 వాట్లు సరిపోతాయి. 9 ఫిన్‌లది చాలు, అందులో కూడా తక్కువ సెట్టింగే వాడతారు. 13 ఫిన్‌లది 2500 వాట్లో ఇంకా ఎక్కువో ఉంటుంది, బరువు కూడా ఎక్కువ, పాత ఇంటి వైరింగు మీద అనవసరమైన భారం. వదినా, నువ్వు పంపాలనుకుంటే 9 ఫిన్‌లది పంపు అని ఆవిడకి నేరుగా చెప్పండి, మొహమాటపడకండి. పంపించుకోవడం నామోషీ అని మీ ఆయన అనొచ్చు. కూతురు తల్లికి పంపేదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కాకపోతే ఆ మాట మీరు అనకుండా అక్కాతమ్ముళ్లనే మాట్లాడుకోనివ్వండి.

వైరింగు గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. గోడకి ఉన్న చిన్న ప్లగ్గు 6 యాంప్స్‌ది. 2000 వాట్ల హీటర్ దాదాపు 9 యాంప్స్ లాగుతుంది. దాని మూడు పిన్నుల పెద్ద ప్లగ్గు చిన్న సాకెట్లో పట్టదు కాబట్టి జనం కన్వర్టర్ పెట్టి దూరుస్తారు, లేదా ఎక్స్‌టెన్షన్ బాక్స్ నుంచి లాగుతారు. రాత్రంతా ఆ సాకెట్ వేడెక్కి, ప్లాస్టిక్ కరిగి, పరదా అంటుకుంటే హీటర్‌ని తిడతారు. ఆ గదిలో పవర్ ప్లగ్గు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మెయిన్ నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో 16 యాంప్స్ సాకెట్, దానికి విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) వేయించండి. ఎర్తింగ్ నిజంగా ఉందో, పేరుకి మూడో రంధ్రం మాత్రమే ఉందో కూడా చూడమనండి, పాత ఇళ్లలో చాలాచోట్ల అదే పరిస్థితి. షాక్ కొట్టే పరిస్థితి వస్తే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ లేకపోతే ఈ సందర్భంలోనే పెట్టించుకోండి. నాలుగింటికి గీజరూ హీటరూ ఒకేసారి నడుస్తాయని అతనికి ముందే చెప్పండి, అప్పుడే లోడు సరిగ్గా లెక్క వేస్తాడు. ఈ ఖర్చు హీటర్ ఖరీదుకి అదనం, దాన్ని మిగుల్చుకుందామనుకుంటే మాత్రం హీటరే కొనకండి.

బిల్లు లెక్క ఇలా చూడండి. రాత్రంతా వేయాల్సిన అవసరం మీకు లేదు, దుప్పటీ బొంతా ఉన్న మనిషికి నిద్రలో చలి తక్కువే, ఆవిడకి అసలు కష్టం లేచే వేళ. మూడున్నరకి ఆన్ అయ్యేలా టైమర్ పెట్టి, ఐదున్నరకి ఆపితే 1000 వాట్ల మీద రోజుకి 2 యూనిట్లు, నెలకి 60. ఏపీలో 2022లో వచ్చిన కరెంటు స్లాబుల్లో 226 నుంచి 400 దాకా యూనిట్ 8.75 రూపాయలు, మీరు ఇప్పటికే 220 దగ్గర ఉన్నారు కాబట్టి కలిసేదంతా దాదాపు ఆ స్లాబులోనే పడుతుంది. అంటే నెలకి 525 రూపాయల లోపు, మిగతా చార్జీలు కలుపుకుంటే ఇంకొంచెం. రాత్రంతా వేస్తే దీనికి రెట్టింపో, అంతకంటే ఎక్కువో. గది తలుపు వేసి, వెంటిలేటర్లకి అట్టముక్కలు పెట్టుకోవచ్చు, కుంపటి లేదు కాబట్టి ఇప్పుడు ఆ భయం లేదు. తలుపు కింద సందు ఎలాగూ ఉంటుంది, గాలికి అది చాలు.

ఇంకో దారి ఉంది, మీ ఆయనకి బహుశా ఇదే నచ్చుతుంది. వేసవికి అత్తయ్యగారి గదిలో ఏసీ పెట్టించే ఆలోచన ఉందని రాశారు. మే నెలలో మన ఎండలకి ఆ వయసువాళ్లకి ఏసీ సౌఖ్యం కాదు, అవసరం. అలాంటప్పుడు ఆరు వారాల చలికి హీటర్ మీద వేల రూపాయలు పెట్టే బదులు, హాట్ అండ్ కోల్డ్ ఇన్వర్టర్ ఏసీ తీసుకోవచ్చు. అది బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, బెజవాడ లాంటి తేలికపాటి చలిలో ఆ పద్ధతి చాలా బాగా పనిచేస్తుంది. నేల మీద వేడి వస్తువు ఉండదు, చీర అంచు భయం లేదు, రిమోట్‌లో 23 పెట్టి వదిలేయొచ్చు. మామూలు ఏసీ కంటే ఖరీదు ఎక్కువ, మన దగ్గర షాపుల్లో అన్ని మోడళ్లూ దొరకవు, తెప్పించాలి, దానికీ విడి లైను కావాలి. గాలి పైనుంచి వస్తుంది కాబట్టి మంచం మీదికి నేరుగా కొట్టకుండా రెక్కలు కిందికి, గోడ వైపు తిప్పుకోవాలి. చేతిలో డబ్బు ఉంటే నేను దీనివైపే మొగ్గుతాను. లేకపోతే ఈ చలికి బొంతా దోమతెరా ఫ్యాన్ ఆపడంతో గడిపి, ఏసీ ఎప్పుడు కొంటే అప్పుడు ఈ మోడల్ అడగడం కూడా సరైన నిర్ణయమే.

చన్నీళ్ల తలస్నానం గురించి మీరు ఎత్తలేదు గానీ, ఆవిడ గీజర్ నీళ్లు పోసుకుంటున్నారో లేదో కనుక్కోండి. మడికి వేడినీళ్లు పనికిరావని కొందరు అనుకుంటారు. మానమని చెప్పకండి, ధనుర్మాసం ఆవిడకి ఎంత ముఖ్యమో మీకు తెలుసు, ఈ ఏడాది ఇంకా ముఖ్యం. గోరువెచ్చని నీళ్లు పోసుకోమని, తలస్నానం వారానికి రెండు రోజులకి తగ్గించి మిగతా రోజులు కంఠస్నానం చేయమని, ఆవిడ గౌరవించే పురోహితుడి చేత చెప్పిస్తే వింటారేమో చూడండి. స్నానాల గదిలోకి మాత్రం ఏ హీటరూ తీసుకెళ్లొద్దు.

చివరిగా మీ ఆయన నవ్వు. అది ఆయన చెడ్డతనం వల్ల వచ్చింది కాదు. కానీ ఆ నవ్వు విన్న తల్లి అడగడం మానేసి, ఎవరికీ భారం కాకూడదని కుంపటి దింపించుకుంది. భర్త పోయి, సొంత ఇల్లు వదిలి వచ్చిన మనిషి ఒకసారి అడిగి కాదనిపించుకుంటే రెండోసారి అడగదు. కుంపటి తీసేయమని మీరు చెబితే కోడలు ఆంక్షలు పెడుతోందని అనిపించవచ్చు, అందుకని ఆ మాట కొడుకే చెప్పాలి. ఆ తలనొప్పి పొద్దు సంగతి, ఈ వాయువు సంగతి ఆయనకి ముందు మీరు ఒంటరిగా చెప్పండి, మీ అబ్బాయి కూడా అదే గదిలో పడుకున్నాడని గుర్తుచేయండి, ఎక్కువ వాదన అవసరం పడదు. తర్వాత ఆయన తల్లి దగ్గర కూర్చుని "అమ్మా, నీకు చలి ఏ వేళ ఎక్కువ వేస్తోంది, కాళ్లకా ఒంటికా" అని అడగాలి. ఆవిడ చెప్పే జవాబు బట్టే మీరు కొనాల్సింది బొంతా, 9 ఫిన్‌ల హీటరా, ఏసీయా తేలుతుంది, షాపువాడి మాట బట్టి కాదు. హీటరే అనుకుంటే కొత్త సాకెట్ స్విచ్ మంచం మీద నుంచి చెయ్యి చాపితే అందేలా వేయించండి, ఆన్ చేయమని ఆవిడ మిమ్మల్ని నిద్రలేపాల్సిన పని ఉండదు.